జనన పత్రంలో ఇంటిపేరు



హిందీలో ముద్రితమైన ప్రభుత్వ దరఖాస్తులలో ‘కుల్‌నామ్’ అనే గడి ఒకటి తరచు కనిపిస్తుంది. హిందీలో ‘కుల్’ అంటే వంశం. కనుక ఆ గడిలో వ్రాయవలసినది మనం ఇంటిపేరు అని పిలుచుకునే మాట. తెలుగువాడు మాత్రం దానిని ‘కులనామం’ అని చదువుకొని, సంకోచిస్తూనే తన కులం పేరు వ్రాస్తాడు. అతని తప్పు ఏమున్నది? తెలుగులో కులం అనే మాటకు స్థిరపడిన అర్థం అదే గదా! హిందీ వారు ఆ అర్థంలో ‘జాతి’ అంటారు. తెలుగులో జాతి అంటే యావద్దేశ ప్రజ. దానిని హిందీ వారు ‘రాష్ట్ర్’ అంటారు. మన రాష్ట్రం వారికి ‘రాజ్య్’. ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చిన మాటలే, ఉభయ భాషల నిఘంటువులలోనూ ఉన్నవే. కాని ఒక్కొక్క భాషలో ఒక్కొక్క దారి పట్టినవి. బొత్తిగా తెలియని మాట ఎదురైతే మనిషి పక్కవానిని అడుగుతాడు. తెలిసినదే అనిపించిన మాటను ఎవరినీ అడగడు. కనుక అనువాదకులకైనా దరఖాస్తుదారులకైనా ఎక్కువ ప్రమాదం తెచ్చేవి ఇటువంటి మాటలే.

ఈ చిన్న గడి నుంచి పుట్టే పెద్ద చిక్కు ఒకటి నేటి ప్రసంగానికి విషయం. అది శిశువు జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పుగా పడడం, దానిని సరిచేయించుకోవడం.

మన దేశంలో పేర్ల అమరిక అన్ని ప్రాంతాలలో ఒక్క తీరుగా లేదు. తెలుగువారిలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక. టంగుటూరి ప్రకాశం, పింగళి వెంకయ్య, కందుకూరి వీరేశలింగం అని మనం చెప్పుకొంటాము. మహారాష్ట్రంలో సొంత పేరు, తండ్రి పేరు, వంశనామం అనే వరుస నడుస్తున్నది. భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్ అన్నప్పుడు నడిమి మాట తండ్రిగారి పేరు. గుజరాతులోనూ ఇదే పద్ధతి; మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ అన్నది అందరికీ తెలిసిన ఉదాహరణ. తమిళనాడులో చాలా కుటుంబాలలో ఇంటిపేరు అన్నదే ఉండదు. తండ్రి పేరులోని తొలి అక్షరమే బిడ్డ పేరుకు ముందు పొడి అక్షరంగా నిలుస్తుంది. సిక్కులలో పురుషుని పేరు చివర సింగ్, స్త్రీ పేరు చివర కౌర్ ఉండడం సంప్రదాయం. తండ్రి సింగ్, కూతురు కౌర్ అయితే అందులో పొరపాటు ఏమీ లేదు. మేఘాలయలోని ఖాసీ, గారో కుటుంబాలలో బిడ్డకు వచ్చేది తల్లి వంశనామం. బెంగాలులో ఒకే వంశనామం బందోపాధ్యాయ అనీ, బెనర్జీ అనీ రెండు రూపాలలో వాడుకలో ఉన్నది. తండ్రి పత్రాలలో ఒక రూపం, బిడ్డ పత్రంలో మరొక రూపం పడితే దూరప్రాంతపు గుమాస్తాకు అవి రెండు వేరు వేరు వంశాలుగా తోస్తవి.

ప్రసిద్ధుల పేర్లలోనే ఈ వైచిత్రి ఎంత ఉన్నదో చూడండి. మన ప్రథమ రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్. ‘ప్రసాద్’ వారి వంశనామం అనుకునేవారు ఎందరో ఉన్నారు. కాని వారి తండ్రిగారి పేరు మహాదేవ్ సహాయ్. రాజేంద్ర ప్రసాద్ అన్నది రెండు ముక్కలుగా వ్రాసిన ఒకే పేరు. లాల్ బహదూర్ శాస్త్రి గారి ‘శాస్త్రి’ కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టం. పుట్టినప్పుడు ఆ మాట వారి పేరులో లేదు. తరువాతి తరంలో అదే కుటుంబ నామమైనది. నెహ్రూ వంశీయులు మొదట కౌల్‌లు. ఢిల్లీలో ‘నహర్’ అంటే కాలువ ఒడ్డున నివసించినందువల్ల నెహ్రూ అన్న మాట చేరి, కాలక్రమాన అదే మిగిలినది. ఇక 1930లో నోబెల్ బహుమానం పొందిన చంద్రశేఖర వేంకట రామన్, 1983లో అదే బహుమానం పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ స్వయానా పినతండ్రి, కుమారులు. రామన్ తండ్రిగారు చంద్రశేఖర అయ్యర్. తాతగారి పేరు మనుమనికి పెట్టారు. ఆ సంగతి తెలియని విదేశీయుడు ఈ రెండు పేర్లను పక్కపక్కన చూస్తే ఎవరికి ఏది వంశనామమో తేల్చుకోలేడు. నిజానికి అందులో ఏదీ వంశనామం కాదు.

గ్రంథాలయాలలో పని చేసేవారికి ఈ తంటా కొత్తది కాదు. గ్రంథకర్తల కార్డులను అకారాది క్రమంలో అమర్చేటప్పుడు సర్వేపల్లి గోపాల్ గారిని ‘స’ కింద పెట్టాలా, ‘గ’ కింద పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పితామహులైన శియాళి రామామృత రంగనాథన్ గారి పేరులోనే మొదటిది ఊరు, రెండవది తండ్రి పేరు, మూడవది సొంత పేరు. కార్డు తప్పు చోట పడితే పుస్తకం దొరకడం ఆలస్యమవుతుంది, అంతే. జనన రిజిష్టరులో తప్పు చోట పడిన పేరు అంత తేలికగా వదలదు.

తప్పు ఎట్లా పడుతుందో ఇప్పుడు చూద్దాము. ఉత్తర భారతంలోని ఒక పారిశ్రామిక పట్టణంలో ఉద్యోగం చేస్తున్న తెలుగు వ్యక్తి ఇంటిపేరు అద్దంకి, పేరు శ్రీనివాసరావు అనుకుందాము. ఇంగ్లీషులో ఆయన ఎ. శ్రీనివాస రావు అని సంతకం చేస్తారు. అక్కడి ఆసుపత్రిలో కాన్పు జరిగినది. పేరులోని చివరి మాటే వంశనామం అన్నది ఆ ప్రాంతపు అలవాటు. గుమాస్తా తన అలవాటు ప్రకారం శిశువు పేరుకు ‘రావు’ తగిలిస్తాడు. అతనికి దురుద్దేశం ఏమీ లేదు. పాములపర్తి వేంకట నరసింహారావు గారినే ఢిల్లీ పత్రికలు ‘రావు’ అని వ్యవహరించినప్పుడు ఒక గుమాస్తాను ఏమనగలము? అయితే అదే కుటుంబంలో మొదటి బిడ్డ స్వగ్రామంలో పుట్టి, అద్దంకి ఇంటిపేరుతో నమోదై ఉంటే, కాగితాల మీద అన్న ఒక వంశం, చెల్లెలు మరొక వంశం అవుతారు.

రెండవ మార్గం మన ఇళ్ళలోనే ఉన్నది. తెలుగునాట తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. ఆడపిల్లను ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో పుట్టింటికి తీసుకొని వస్తారు. ఆసుపత్రిలో చేర్పించేది తండ్రి లేక అన్న. ఆమె చేతిలోని గుర్తింపు పత్రాలు పెళ్ళికి ముందువి. వాటి మీద పుట్టింటి పేరే ఉంటుంది. పెళ్ళయి ఏడాది తిరగకముందే పత్రాలన్నీ మార్పించుకునేవారు అరుదు. వివరాలు అడిగినప్పుడు అల్లుడు ఊరిలో ఉండడు. తాతగారు ఆనందంలో ఉంటారు, తమ ఇంటిపేరు చెబుతారు, తమ చిరునామా చెబుతారు. కేస్ షీటు మీద ఉన్నది రిపోర్టులోకి, రిపోర్టులో ఉన్నది రిజిష్టరులోకి ఎక్కుతుంది. శిశువుకు మాతామహుల ఇంటిపేరు స్థిరపడుతుంది. బంధువులు నవ్వుకొంటారు, బిడ్డకు ఐదేళ్ళు వచ్చి పాఠశాలలో చేర్పించవలసిన రోజు వరకు ఆ నవ్వు సాగుతుంది.

లిపి వల్ల కలిగే తేడాలు మూడవ రకం. ‘కొత్త’ అన్న ఇంటిపేరును హిందీలో వ్రాస్తే హ్రస్వమైన ‘ఒ’ లేనందున ‘కోత్త’ అవుతుంది. ఇంగ్లీషు మీదుగా తిరిగి వచ్చేసరికి ‘కోటా’ అయినా ఆశ్చర్యం లేదు. కొత్తవారు, కోటవారు వేరు వేరు కుటుంబాలు.

ఆసుపత్రి కాన్పులలో జననాన్ని రిజిష్ట్రారుకు తెలియజేసే బాధ్యత చట్టప్రకారం ఆసుపత్రి అధికారిది లేక ఆయన నియమించిన వ్యక్తిది. ఇంటిలో కాన్పు జరిగితే ఆ బాధ్యత కుటుంబ యజమానిది. దీని ఫలితం ఏమంటే, ఆసుపత్రిలో పుట్టిన శిశువు తల్లిదండ్రులు తమ చేతితో ఏమీ వ్రాయకుండానే నమోదు పూర్తి కావచ్చును. తెలియజేయడానికి గడువు 21 రోజులు. మన వారిలో చాలామంది బారసాల చేసేది 11వ రోజున గాని 21వ రోజున గాని. కనుక పేరు పెట్టేలోగానే నమోదు జరిగిపోవడం సహజం. చట్టం దీనిని ఊహించినది. పేరు నిర్ణయం కాకపోతే ఆ గడి ఖాళీగా వదలవచ్చును. నమోదైన నాటి నుంచి 12 నెలలలోగా పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చునని నమూనా నియమాలు చెబుతున్నవి. ఆలస్య రుసుముతో 15 సంవత్సరాల వరకు అవకాశం ఉన్నది. తొందరపడి తప్పు పేరు వ్రాయించడం కంటె ఖాళీగా ఉంచడమే మేలు. ఈ మాట ప్రసూతి వార్డులలో ఎవరూ చెప్పరు.

ఈ చట్టం 1969 నాటి జనన మరణ నమోదు చట్టం. అంతకు పూర్వం 1886 నాటి చట్టం ఒకటి ఉండేది గాని, దాని కింద నమోదు స్వచ్ఛందం. 1969 చట్టం దానిని దేశమంతటా నిర్బంధం చేసినది. చాలా రాష్ట్రాలలో అది 1970 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినది. దాని 15వ సెక్షను తప్పుల దిద్దుబాటును గురించి చెబుతుంది. నమోదులో తప్పు ఉన్నట్లు రిజిష్ట్రారుకు నమ్మకం కలిగేలా రుజువైతే ఆయన దానిని దిద్దవచ్చును. అయితే ఎట్లా దిద్దాలి? మూల నమోదును చెరపకూడదు, కొట్టివేయకూడదు, దాని మీద దిద్దకూడదు. మార్జినులో సరి అయిన వివరం వ్రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. అంటే తప్పు తప్పుగానే అక్కడ నిలిచి ఉంటుంది. దాని పక్కన ఒప్పు చేరుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో తరువాతి తరాలవారు కూడా చూడగలరు. ఈ పద్ధతిలో ఒక వివేకం ఉన్నది. తాత ఇంటిపేరును బ్లేడుతో గీకి తండ్రి ఇంటిపేరు వ్రాసిన కాగితాన్ని ఏ న్యాయస్థానమూ నమ్మదు.

నియమాలు తప్పులను రకాలుగా విభజించినవి. అక్షరం జారిపోవడం, ఆసుపత్రి రిపోర్టులో సరిగా ఉన్నది రిజిష్టరులోకి ఎక్కించేటప్పుడు మారిపోవడం వంటివి వ్రాతలో దొర్లిన తప్పులు. ఇవి రిజిష్ట్రారు విచారించి తామే దిద్దగలిగినవి. విషయంలోనే తప్పు ఉన్నప్పుడు, అంటే అసలు రిపోర్టులోనే ఇంటిపేరు వేరుగా పడినప్పుడు, దరఖాస్తుదారుడు ఒక ప్రకటన దాఖలు చేయాలి. జరిగిన తప్పు ఏమిటో, నిజం ఏమిటో అందులో ఉండాలి. సంగతి ఎరిగిన, నమ్మదగిన ఇద్దరు వ్యక్తులు ఆ ప్రకటన చేయాలి. మోసంతో చేయించిన నమోదు అయితే విషయం పై అధికారికి పోతుంది. ప్రకటనకు తోడుగా తల్లిదండ్రుల పాఠశాలాంత ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం, గుర్తింపు పత్రాలు జత చేయడం వాడుక. ఆసుపత్రి రిపోర్టులోనే తప్పు ఉంటే ఆ ఆసుపత్రి నుంచి ఒక లేఖ తెచ్చుకోవడం ఉపకరిస్తుంది. ఏ కాగితాలు కావాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది గనుక ముందుగానే కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. దిద్దుబాటు జరిగేది బిడ్డ పుట్టిన చోటనే గాని తల్లిదండ్రులు నివసిస్తున్న చోట కాదు. జననం ఏ రిజిష్ట్రారు పరిధిలో జరిగినదో ఆ రిజిష్ట్రారు దగ్గరనే మూల రిజిష్టరు ఉంటుంది. రాజమండ్రిలో పుట్టి నాగపూరులో పెరుగుతున్న బిడ్డ ఇంటిపేరును నాగపూరు కార్పొరేషను దిద్దలేదు. ఇటుకబట్టీలకు, కట్టడాల పనులకు వలస పోయే కుటుంబాలకు ఈ నియమం మిక్కిలి భారం. బిడ్డ ఒక రాష్ట్రంలో పుడతాడు, మరుసటి ఏడాది పని మరొక రాష్ట్రంలో. రోజు కూలి మానుకొని, రైలు ఛార్జీలు పెట్టుకొని, ఇద్దరు సాక్షులను వెతుక్కొని ఒక మాట దిద్దించుకోవడం వారికి ఎంత కష్టమో కార్యాలయాలవారు గుర్తించడం న్యాయం. ధ్రువపత్రాలు కంప్యూటరు ద్వారా ఇవ్వడం మొదలైన తరువాత కొంత సౌలభ్యం కలిగిన మాట నిజమే. అయినా రుజువులు పరిశీలించి నిర్ణయించవలసినది ఆ రిజిష్ట్రారే.

తప్పు దిద్దడం వేరు, పేరు మార్చుకోవడం వేరు. నమోదైన నాడు సరిగానే ఉన్న ఇంటిపేరును తరువాత వద్దనుకొని మార్చదలచిన వారికి 15వ సెక్షను నేరుగా దారి ఇవ్వదు. వారు రాజపత్రంలో ప్రకటన వంటి ఇతర మార్గాలను చూసుకోవాలి. కనుక దరఖాస్తులో ‘ఇంటిపేరు మార్చవలెను’ అని గాక, ‘నమోదులో తప్పుగా పడిన ఇంటిపేరును సరిచేయవలెను’ అని స్పష్టంగా వ్రాయాలి. ఒక్క క్రియాపదం తేడాతో దరఖాస్తు వెనక్కు వచ్చే అవకాశం ఉన్నది.

ఈ కాగితానికి ఇంత ప్రయాస అవసరమా అని పూర్వం అడిగేవారు. పాఠశాల రిజిష్టరులో ఏమి వ్రాస్తే అదే జన్మతేదీ, అదే పేరుగా చలామణి అయిన తరాలు ఉన్నవి. ఇప్పుడు ఆ స్థితి లేదు. 1969 చట్టానికి 2023లో సవరణ జరిగినది. అది ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చినది. ఆ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టినవారికి విద్యాలయ ప్రవేశం, డ్రైవింగు లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం, పాస్‌పోర్టు, ఆధార్ వంటి వాటికి పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసే పత్రం జనన ధ్రువపత్రమే. తప్పు ఇంటిపేరు ఆ పత్రం నుంచి ఈ పత్రాలన్నింటిలోకి పాకుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో వంశనామానికి ప్రత్యేకమైన గడి ఉన్నది. గల్ఫ్ దేశాలలోనో అమెరికాలోనో ఉన్న తండ్రి దగ్గరకు తల్లీబిడ్డలు వెళ్ళవలసి వచ్చినప్పుడు తండ్రి ఇంటిపేరు ఒకటి, బిడ్డది మరొకటి అయితే సంబంధాన్ని వేరే కాగితాలతో రుజువు చేసుకోవాలి.

అదే సవరణ ఒక మేలు కూడా చేసినది. రిజిష్ట్రారు నిర్ణయం సమ్మతం కాకపోతే జిల్లా రిజిష్ట్రారుకు, ఆయన నిర్ణయం మీద ముఖ్య రిజిష్ట్రారుకు 30 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చును. అప్పీలు మీద 90 రోజులలోగా నిర్ణయం చెప్పాలి. పాఠశాల బోర్డు ధ్రువపత్రాల సంగతి వేరు. 2021 జూన్ 3న సుప్రీం కోర్టు కేంద్రీయ మాధ్యమిక విద్యా బోర్డుకు సంబంధించిన వ్యాజ్యాలలో తీర్పు చెబుతూ, జనన ధ్రువపత్రం వంటి ప్రభుత్వ పత్రాలకు అనుగుణంగా తన రికార్డును సరిచేయమని కోరితే బోర్డు ఆ కోరికను పరిశీలించాలని నిర్ణయించినది. అంటే మూలం సరిగా ఉంటే తక్కినవి సరిపడతవి.

ఇంతవరకు చెప్పినది ఏది ఒప్పో కుటుంబంలో అందరూ అంగీకరించినప్పటి మాట. ఏది బిడ్డ ఇంటిపేరు అన్నదే వివాదమైతే? వివాహం కాని తల్లి, భర్తను కోల్పోయిన తల్లి ఈ గడి ముందు కూర్చున్నప్పుడు సమస్య గుమాస్తా చేతి నుంచి న్యాయస్థానానికి పోతుంది. 2015 జూలై 6న సుప్రీం కోర్టు, వివాహం కాని తల్లి జనన ధ్రువపత్రం కోరినప్పుడు ఆమె ప్రమాణ పత్రం తీసుకొని పత్రం ఇవ్వాలనీ, తండ్రి పేరు చెప్పమని ఆమెను నిర్బంధించరాదనీ తీర్పు ఇచ్చినది. 2022 జూలై 28 నాటి తీర్పు తెలుగు కుటుంబానికి సంబంధించినది. భర్త మరణించిన తరువాత ఒక తల్లి పునర్వివాహం చేసుకొన్నది. బిడ్డకు కొత్త కుటుంబపు ఇంటిపేరు వచ్చినది. మొదటి తండ్రి ఇంటిపేరును పునరుద్ధరించాలనీ, రికార్డులలో రెండవ భర్తను మారుతండ్రిగా చూపాలనీ హైకోర్టు ఆదేశించినది. సుప్రీం కోర్టు ఆ ఆదేశాలను కొట్టివేసినది. బిడ్డకు సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉన్నదనీ, మారుతండ్రి అని వ్రాయించడం బిడ్డ మనసుకు, ఆత్మగౌరవానికి హాని చేస్తుందనీ చెప్పినది.

ఆ తీర్పు వెలువడిన తరువాత కూడా కొన్ని కార్యాలయాలలో ‘తండ్రి ఇంటిపేరే వ్రాయాలి’ అనే మాట వినిపిస్తూనే ఉన్నది. జనన రిజిష్టరుకు అటువంటి నియమం ఏదీ లేదు. ఉంటే ఖాసీ తల్లి బిడ్డను ఎక్కడ నమోదు చేస్తారు? తమిళ శిశువు పొడి అక్షరాన్ని ఏ గడిలో ఇరికిస్తారు? వెనుకటి రిపోర్టు ఫారములో తండ్రి పేరు దగ్గర ‘సాధారణంగా వ్రాసే పూర్తి పేరు’ అని మాత్రమే సూచన ఉండేది. ఆ సూచనను పాటించి, ఇంటిపేరు ఏది, వ్యక్తి పేరు ఏది అన్నది ఆ కుటుంబాన్నే అడిగి వ్రాసుకొంటే దిద్దుబాట్లలో సగం అవసరం లేకపోయేవి.

తల్లిదండ్రులకు చెప్పవలసినది కొద్దిగానే మిగిలినది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే ముందు రిపోర్టులో ఏమి వ్రాశారో అడిగి చూడాలి. తండ్రి దూరాన ఉంటే ఇంటిపేరు, పూర్తి పేరు, ఇంగ్లీషు అక్షరక్రమం ఒక కాగితం మీద వ్రాసి తాతగారి చేతికి ఇవ్వాలి. తప్పు కనబడితే బిడ్డకు ఆధార్, పాస్‌పోర్టు తీయకముందే జనన ధ్రువపత్రాన్ని దిద్దించాలి. దిద్దుబాటు అయిన తరువాత కొత్త ప్రతి తీసుకొని, పాతదానిని ఎక్కడా దాఖలు చేయకూడదు. ఇంటిలో కాన్పు జరిగి జననాన్ని తెలియజేసినది మాతామహులైతే, దిద్దుబాటు జరిగినట్లు రిజిష్ట్రారు కార్యాలయం నుంచి సమాచారం వెళ్ళేది వారి శాశ్వత చిరునామాకు. అల్లుడు తన ఇంటిపేరును ఎందుకు దిద్దించాడో ముందుగా ఆ పెద్దమనిషికి నాలుగు మాటలలో చెప్పి ఉంచడం అవసరం.